జెండా: గీసినవారు, మోసినవారు, కుట్టినవారు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో విద్యార్థుల చిత్రలేఖన ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బయి అయిదేళ్ల పండుగలో ఒక పూటంతా పిల్లల బొమ్మలకు కేటాయించడం కొందరికి వింతగా తోచి ఉండవచ్చు. బొమ్మలు గీస్తే మార్కులు వస్తాయా అని అడిగే తల్లిదండ్రులు ప్రతి సంవత్సరమూ ఉంటారు. అది తప్పు ప్రశ్న అని నేను అనను. చెమటోడ్చి ఫీజు కట్టేవారికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. అయితే సమాధానం చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది. ఆ సమాధానాన్ని దూరాన వెతకనక్కరలేదు. మన ఆవరణలో, ప్రార్థనా స్థలానికి ఎదురుగా, స్తంభం మీద ప్రతి ఆగస్టు 15నాడూ ప్రతి జనవరి 26నాడూ ఎగిరేది ఒక బొమ్మే. మూడు రంగుల పట్టీలు, నడుమ ఒక చక్రం. దానిని ఒకరు గీశారు, కొందరు దిద్దారు, లక్షలమంది మోశారు, కొందరు దానికోసం ప్రాణాలు విడిచారు. నేటికీ కొందరు స్త్రీలు దానిని కుట్టి పొట్ట పోసుకుంటున్నారు. గీత, రంగు, కొలత అనేవి ఒక ప్రజా ఉద్యమానికి ఎట్లా ఆయుధాలవుతాయో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మనకు లేదు. ఈ కథలో తెలుగునాడూ కన్నడనాడూ అడుగడుగునా కలిసి నడిచాయి. బెంగళూరులో తెలుగు మాధ్యమంలో చదువుతున్న మన పిల్లలకు ఇది రెండు విధాలా స్వంత కథ.

ముందుగా గీసినవారి సంగతి.

పింగళి వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. యువకుడిగా సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్లారు, అక్కడే గాంధీజీని కలుసుకున్నారు. తిరిగి వచ్చాక వారు చేయని పరిశోధన లేదు. కంబోడియా పత్తి మీద కృషి చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు, జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అయ్యారు, గనుల శాస్త్రం చదివి డైమండ్ వెంకయ్య అయ్యారు. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. ఆ కళాశాల సామాన్యమైనది కాదు. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి నిలబెట్టిన సంస్థ అది. పుస్తక విద్యతోపాటు చేతివిద్యలకూ చిత్రకళకూ అక్కడ పీట వేశారు. వంగదేశీయుడైన ప్రమోదకుమార ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పారు, వారి శిష్యుడైన అడివి బాపిరాజుగారు తరువాతికాలంలో ఆ సంస్థకే అధ్యక్షత వహించారు. దేశం కోసం పనిచేసే విద్యాలయానికి బొమ్మలు గీయడం అనవసరమని ఆ పెద్దలెవరూ అనుకోలేదు.

వెంకయ్యగారు 1916లో భారతదేశానికొక జాతీయ పతాకం అనే ఆశయంతో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. ఇతర దేశాల పతాకాలను వర్ణించి, మనకు తగిన నమూనాలు ఇరవై ముప్పై దాకా అందులో సూచించారు. ఏటేటా జరిగే కాంగ్రెసు మహాసభలకు వెళ్లి ఈ సంగతిని పట్టు విడవక ప్రస్తావిస్తూ వచ్చారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైంది. పతాకం మీద రాట్నం ఉండాలన్న సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజుగారిది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేటట్టు ఒక నమూనా గీసి ఇమ్మని గాంధీజీ వెంకయ్యగారిని కోరారు. మూడు గంటలలో అది తయారైందని గాంధీజీ స్వయంగా 1921 ఏప్రిల్ 13 నాటి 'యంగ్ ఇండియా'లో వ్రాశారు. సభ ముందుంచడానికి మాత్రం అప్పటికే ఆలస్యమైంది. ఆలస్యమే మేలు చేసిందని కూడా గాంధీజీ అన్నారు. ఎందుకంటే ఆలోచించిన మీదట, ఎరుపు హిందువులకూ ఆకుపచ్చ ముస్లిములకూ గుర్తులైతే తక్కిన మతాలవారి మాటేమిటన్న ప్రశ్న వారికి కలిగింది. అందుచేత తెలుపు చేర్చారు. ఆ విధంగా మూడు రంగులయ్యాయి.

పిల్లలు గమనించవలసిన విషయం ఇక్కడ ఉన్నది. వెంకయ్యగారు మూడు గంటలలో గీసిన బొమ్మ వెనుక అయిదేళ్ల అధ్యయనం ఉన్నది. అన్ని దేశాల పతాకాలూ చూసి, కొలిచి, పోల్చినవాడు కనుకనే అడిగిన వెంటనే గీయగలిగాడు. 

రంగులు చేరగానే తగవులు తీరలేదు. రంగు మతానికి గుర్తయినంతకాలం మా రంగేదని అడిగేవారు ఉంటూనే ఉంటారు. సిక్కు సోదరులు అడిగారు కూడా. 1931లో కరాచీ కాంగ్రెసు ఏడుగురు సభ్యులతో ఒక పతాక సంఘాన్ని నియమించింది. పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్ అందులో ఉన్నారు. సంచాలకులు మన పట్టాభి సీతారామయ్యగారు. ఏడవవారు హుబ్బళ్లికి చెందిన డాక్టర్ ఎన్.ఎస్. హర్డీకర్‌గారు. ఆ సంఘం పతాకమంతా కేసరి రంగులో ఉండి మీద రాట్నం ఉండాలని సూచించింది. కాంగ్రెసు దానిని అంగీకరించలేదు. కేసరి, తెలుపు, ఆకుపచ్చ వరుసలో మూడు రంగులూ, తెలుపు మీద రాట్నమూ ఖాయమయ్యాయి. ఈ రంగులు మతాలకు గుర్తులు కావు, త్యాగం, శాంతి, విశ్వాసం వంటి గుణాలకు గుర్తులని అప్పుడే స్పష్టంగా ప్రకటించారు. బొమ్మ ఇంచుమించు పాతదే, అర్థం మాత్రం మారింది. ఒక బొమ్మకు ప్రజలు తమలో తాము మాట్లాడుకొని అర్థాన్ని నిర్ణయించుకోవడం ప్రజాస్వామ్యంలో మొదటి పాఠం వంటిది.

ఇక చివరి దిద్దుబాటు 1947 జూలై 22న రాజ్యాంగ సభలో జరిగింది. రాట్నం స్థానంలో సారనాథ స్తంభం మీది అశోకుని చక్రం వచ్చింది. దీనికి నెహ్రూగారు చెప్పిన కారణాలలో ఒకటి చిత్రలేఖనం నేర్చుకునే పిల్లలందరికీ తెలియవలసినది. జెండాకు రెండు వైపులుంటాయి. రాట్నానికి ఒకవైపు చక్రం, మరొకవైపు కదురు ఉంటాయి. ఒకవైపు నుండి సరిగా కనిపించిన రాట్నం రెండోవైపు నుండి తలక్రిందులైనట్టు ఎడమ కుడి మారి కనిపిస్తుంది. చక్రానికి ఆ చిక్కు లేదు, ఎటు చూసినా ఒకటే. అయినా రాట్నాన్ని వదిలిపెట్టలేదు. ఈ చక్రం రాట్నానికే ప్రతీక అని తీర్మానంలోనే వ్రాశారు. ఈ తుది రూపంలో బద్రుద్దీన్ త్యాబ్జీ, సురయ్యా త్యాబ్జీ దంపతుల పాత్ర ఉన్నదని చెప్పేవారున్నారు. ఎవరి పాలు ఎంత అన్న చర్చ పండితులకు విడిచిపెడదాం. పలువురి చేతులు పడ్డందువల్ల వెంకయ్యగారి గౌరవం తగ్గదు. ఆనాటి సభలో సర్వేపల్లి రాధాకృష్ణగారు రంగుల అర్థాన్ని వివరించారు, హైదరాబాదు ఆడపడుచు సరోజినీదేవిగారు మాట్లాడారు. ఆగస్టు 14 అర్ధరాత్రి సభకు భారత స్త్రీల పక్షాన పతాకాన్ని సమర్పించినది హంసా మెహతాగారు.

వెంకయ్యగారు 1963 జూలై 4న పేదరికంలోనే కన్నుమూశారు. వారి పేర తపాలా బిళ్ల వెలువడడానికి 2009 దాకా పట్టింది. ఈ విషయాన్ని ఇంతకంటె పొడిగించను. పిల్లలు గుర్తుంచుకుంటే చాలు.

గీసినవారి తరువాత మోసినవారు.

ఒక బొమ్మ గోడ మీద ఉన్నంతసేపు ఎవరూ దాని జోలికి రారు. వీధిలోకి వచ్చినప్పుడే దానికి పరీక్ష. మూడు గుడ్డ పేలికలు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. సూది దారం తెలిసిన ఏ ఇల్లాలైనా కుట్టగలదు. కర్రకు కడితే పొలం గట్టు మీదివాడికి కూడా కనిపిస్తుంది. అక్షరం రానివాడు కూడా చదవగలడు. అచ్చు యంత్రాన్ని ప్రభుత్వం జప్తు చేయవచ్చుగాని ప్రతి ఇంటి సూదినీ జప్తు చేయలేదు. ఈ సరళతే ఆ బొమ్మ బలం. 1923లో జబల్పూరులో మొదలై నాగపూరులో సాగిన జెండా సత్యాగ్రహంలో వందలాదిమంది జైళ్లకు వెళ్లారు. హుబ్బళ్లి నుండి హర్డీకర్‌గారి దళం కూడా వెళ్లింది. ఆ క్రమశిక్షణను చూసి, అదే సంవత్సరం డిసెంబరులో మన కాకినాడ కాంగ్రెసులో హిందూస్థానీ సేవాదళాన్ని ఏర్పాటు చేసి ఆయన చేతికే అప్పగించారు. 

బ్రిటిషువారి ఏలుబడిలో అట్లా ఉండగా, మైసూరు సంస్థానంలో కూడా కాంగ్రెసు జెండా ఎగురవేయడం నిషిద్ధంగా ఉండేది. 1938 ఏప్రిల్ నెలలో మద్దూరు దగ్గర శివపురంలో టి. సిద్దలింగయ్యగారి నాయకత్వంలో వేలాది జనం నిషేధాన్ని ధిక్కరించి జెండా ఎగురవేశారు. నాయకులను నిర్బంధించారు. ఆ వార్త ఊరూరా ప్రాకింది. ఆ నెలలోనే, ఏప్రిల్ 25న, గౌరీబిదనూరు దగ్గర విదురాశ్వత్థంలో జనం కూడారు. మన బెంగళూరు నుండి కొద్ది గంటల ప్రయాణం అది. ఉత్తర పినాకినీ తీరం. కన్నడమూ తెలుగూ ఒకే వీధిలో వినిపించే సీమ. జాతర రోజులు. నిషేధాజ్ఞ ఉన్నా జెండా ఎత్తాలని సత్యాగ్రహులు నిశ్చయించుకున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం పదిమంది చనిపోయారన్నది. స్థానికులు ముప్పయి ఇద్దరని చెప్పుకుంటారు. కర్ణాటకపు జలియన్‌వాలాబాగ్ అని ఆ చోటికి పేరు వచ్చింది. నేడక్కడ స్మారక సౌధమున్నది.

ఆ మరణాలు వృథా పోలేదు. పటేలుగారు, కృపలానీగారు మైసూరు వచ్చి దివాను సర్ మీర్జా ఇస్మాయిల్‌గారితో మాట్లాడారు. మైసూరు కాంగ్రెసును ప్రభుత్వం గుర్తించింది. మహారాజావారి పతాకమూ కాంగ్రెసు పతాకమూ పక్కపక్కన ఎగరవచ్చునని ఒప్పందమైంది. మచిలీపట్నపు అధ్యాపకుడొకరు కాగితం మీద గీసిన గీతలు, పదిహేడేళ్లకు, వారిని ఎన్నడూ చూడని విదురాశ్వత్థపు రైతుల ప్రాణాలతో సమానమయ్యాయి. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా ముగిసిపోయే ఈ సంగతిని మన పదవ తరగతి పిల్లలు ఒక్కసారైనా ఆ స్థలంలో నిలబడి వినాలని నా కోరిక. ఈ జూబిలీ సంవత్సరపు విహారయాత్ర అక్కడికే అని ఈ వేదిక మీద నుండి ప్రకటిస్తున్నాను.

ఇది మన దేశానికే పరిమితమైన కథ అనుకోరాదు. అరబ్బు దేశాల ఆధునిక చిత్రకళలో ఈ మార్గంలో నడిచినవారు చాలామంది ఉన్నారు. పాలస్తీనా చిత్రకారుడు నాజీ అల్ అలీ 1969లో కువైట్ పత్రికలో హందాలా అనే పదేళ్ల బాలుణ్ణి గీశాడు. చెప్పులు లేని పాదాలు, చిరుగుల బట్టలు. తరువాతి బొమ్మలలో ఆ బాలుడు మనకు వీపు చూపి, చేతులు వెనక్కు కట్టుకొని నిలబడతాడు. చిత్రకారుణ్ణి 1987లో లండనులో ఎవరో కాల్చి చంపారు. బాలుడు మాత్రం నేటికీ గోడల మీద నిలబడే ఉన్నాడు. పాలస్తీనా జెండాకు ఇజ్రాయెల్ ఏలుబడిలో చాలాకాలం నిషేధం ఉండేది. 1980లో రామల్లాలో ఒక చిత్ర ప్రదర్శనను మూసివేసినప్పుడు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు కలిపి పుచ్చకాయ గీసినా ఊరుకోమని అధికారి అన్నాడని చిత్రకారుడు సులేమాన్ మన్సూర్ చెప్పారు. తరువాత తరువాత పుచ్చకాయ ముక్కే జెండాకు మారుపేరై కూర్చున్నది. బహియా షెహాబ్ అనే విదుషీమణి అరబ్బీలో 'లా', అంటే 'వద్దు', అన్న మాటను వివిధ శతాబ్దాల కట్టడాల మీద, పాత్రల మీద, వస్త్రాల మీద వ్రాసిన వేయి రూపాలను సేకరించారు. 2011లో కైరో వీధులలో ఉద్యమం రేగినప్పుడు ఆ అక్షర రూపాలనే అచ్చు కోసిన రేకులతో గోడల మీద దించారు. దేశాల రాజకీయాలలో ఎవరి అభిప్రాయాలు వారికి ఉండవచ్చు. గీతకూ అక్షరానికీ ఉన్న బలాన్ని మాత్రం ఈ ఉదాహరణలు తేటతెల్లం చేస్తాయి.

మన తెలుగు స్త్రీలు కూడా 'వద్దు' అన్న మాటను అట్లాగే నేర్చుకున్నారు. విదురాశ్వత్థం మీదుగా పారిన పినాకిని సముద్రంలో కలిసేది నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లా దూబగుంటలో, 1990ల తొలినాళ్లలో, అక్షరదీక్ష తీసుకున్న స్త్రీలు రాత్రిబడి వాచకంలో సారా వల్ల చితికిన కుటుంబం పాఠం చదివి, ఇది మా ఇంటి కథే కదా అని లేచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా అల్లుకున్నది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైంది. సులభమైన మాటలతో, సరియైన చోట, సరియైన మనుషుల చేతికి అందిన ఒక్క పుట ఎంత పని చేయగలదో ఉపాధ్యాయులమైన మనం మరువరాదు.

ఇక కుట్టినవారు. ఈ భాగం మన నిర్ణయాలతో ముడిపడినది కనుక శ్రద్ధగా వినవలసిందని ప్రార్థన.

స్వతంత్ర భారతదేశం వస్తువులకు ప్రమాణాలు నిర్ణయించడం మొదలుపెట్టినప్పుడు, మొదటి సంఖ్య గల ప్రమాణం జాతీయ పతాకానిదే. నూలు, నేత, రంగు, కుట్టు, తాడు, అన్నిటికీ లెక్కలున్నాయి. పొడవు వెడల్పులు మూడుకు రెండు పాళ్లలో ఉండాలి. తొమ్మిది పరిమాణాలున్నాయి. ఖాదీ పతాకాలు కుట్టే ప్రసిద్ధ కేంద్రం మన కర్ణాటకలోనే, హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఉన్నది. 1957లో ఏర్పడిన కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం దానిని నడుపుతున్నది. ప్రమాణాల సంస్థ ధ్రువీకరణ పొందిన పతాక కేంద్రం చాలాకాలం దేశం మొత్తం మీద అదొక్కటే. అక్కడ పనిచేసేవారిలో అధికులు స్త్రీలు. వడకడం, నేయడం, రంగు అద్దడం, చక్రం ముద్రించడం, కుట్టడం, తాడు బిగించడం వరుసగా జరుగుతాయి. తెల్ల పట్టీకి రెండు వైపులా ముద్రించిన చక్రాలు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. నెహ్రూగారు సభలో చెప్పిన మాటను అక్కడి స్త్రీలు రోజూ చేతులతో నిరూపిస్తున్నారు. తెలుగువాడు గీసిన జెండాను కన్నడ సోదరీమణులు కుడుతున్నారన్నమాట.

2002 నాటి పతాక స్మృతి పౌరులందరికీ ఏడాది పొడవునా జెండా ఎగురవేసే వీలు కల్పించింది. అది పౌరుని ప్రాథమిక హక్కు అని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. 2021 డిసెంబరులో నిబంధనలు సవరించి, పాలియెస్టర్‌తో యంత్రాల మీద చేసిన జెండాలను కూడా అనుమతించారు. చౌకగా ఇంటింటికీ జెండా చేరాలన్న ఉద్దేశం కాదనలేనిది. అయితే ఖాదీ జెండాలకు గిరాకీ పడిపోయిందని బెంగేరివారు బహిరంగంగానే ఆవేదన వెలిబుచ్చారు. చట్టం రెండింటినీ ఒప్పుకున్నది. ఎన్నుకోవలసినది మనం. స్వదేశీ నూలుకు గుర్తుగా రాట్నాన్ని, రాట్నానికి గుర్తుగా చక్రాన్ని ధరించిన జెండాను ఏ గుడ్డతో ఎగురవేయాలో మన పాఠశాల ఆలోచించుకోవలసిన సమయమిది.

అందుచేత ఈ సభలో మూడు మనవులు చేస్తున్నాను.

మొదటిది, ఇకమీదట మన స్తంభం మీద ఎగిరేది చేనేత ఖాదీ జెండాయే కావాలి. దాని వెల కాస్త ఎక్కువైనా ఏడాదికి ఒకటో రెండో చాలు. పిల్లల చేతికి ప్లాస్టిక్ జెండాలు ఇవ్వవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. పండుగ మరునాడు కాలువలలో, కాలిబాటల మీద అవి పడి ఉండడం మనందరమూ చూస్తున్నదే. కాగితపు జెండానైనా నేల మీద పారవేయరాదని, పాడైన జెండాను గౌరవంగా, ఏకాంతంలో, కాల్చడం మేలని పతాక స్మృతి చెబుతున్నది. 

రెండవది ఉపాధ్యాయులకు. జెండాను గీయించండి. అందులో చిత్రలేఖనమే కాక గణితమూ ఉన్నది. 27 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు తీసుకుంటే పాళ్లు కుదురుతాయి, ఒక్కొక్క పట్టీ సరిగా 6 సెంటీమీటర్లు వస్తుంది. చక్రానికి 24 ఆకులు. 360ని 24తో భాగిస్తే ఒక్కొక్క ఆకుకు 15 డిగ్రీలు. కోణమానిని లేకుండా, మూలమట్టాలు రెండూ కలిపి 15 డిగ్రీలు ఎట్లా రాబట్టాలో పిల్లలనే అడగండి. నలభై అయిదులో నుండి ముప్పయి తీసివేయాలన్న సంగతి వారికి వారే కనుక్కొంటే, ఆ రోజు పాఠం సఫలమైనట్టే. చిత్రలేఖనపు పీరియడును లెక్కలకు ఇచ్చివేసే అలవాటుకు ఇదే నా జవాబు. లెక్కలు ఆ పీరియడులోనే ఉన్నాయి.

మూడవది పూర్వ విద్యార్థులకు. మన చిత్రలేఖనోపాధ్యాయులు పదవీ విరమణ చేసిన తరువాత ఆ స్థానం ఖాళీగానే ఉండిపోయింది. ఇతర ఉపాధ్యాయులు తమ పనికి తోడుగా ఆ తరగతులు చూస్తున్నారు. ఈ ప్రదర్శనలోని బొమ్మలన్నీ అట్లా గీసినవే. తెలుగు మాధ్యమంలో పిల్లల సంఖ్య తగ్గుతున్న రోజులలో కొత్త నియామకం ఆశించడం అత్యాశ అని నాకు తెలుసు. జూబిలీ నిధిలో కొంత భాగం శాశ్వత నిక్షేపంగా ఉంచి, దాని వడ్డీతో ఒక చిత్రలేఖనోపాధ్యాయునికి గౌరవ వేతనం ఇవ్వగలిగితే, ఒక తోరణం కట్టినదానికంటె, ఒక శిలాఫలకం నాటినదానికంటె మేలు జరుగుతుంది. రంగస్థలానికి కొత్త తెర కావాలని నేను ఇచ్చిన జాబితాలో మొదట వ్రాసుకున్నాను. ఆ తెరను మరొక ఏడాది వాయిదా వేయడానికి నాకు అభ్యంతరం లేదు.

వచ్చే నెల మొదటి శనివారం పాలకవర్గం సమావేశమై జూబిలీ నిధి వినియోగాన్ని నిర్ణయిస్తుంది. ఆ లోపల మీ అభిప్రాయాలను కార్యాలయానికి వ్రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. ఇప్పుడు అందరూ ప్రదర్శనలోకి దయచేయండి. ప్రతి బొమ్మ క్రిందా గీసిన విద్యార్థి పేరు, తరగతి వ్రాసి ఉన్నాయి. ఆ పిల్లలు తమ బొమ్మల దగ్గరే నిలబడి ఉన్నారు. ఎవరి బొమ్మ బాగుందో చెప్పి వెళ్లిపోకండి. ఎందుకు గీశావు నాయనా, ఎందుకు గీశావు తల్లీ అని ఒక్క మాట అడగండి.